వెబ్‌సైటును డైరెక్టరీలలో చేర్పిస్తే గూగుల్‌లో పైకి వస్తుందా?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. విశాఖపట్నంలో మా నాన్నగారు ముప్పై ఏళ్లుగా కుట్టు మిషన్లు అమ్ముతూ, రిపేరు చేస్తూ దుకాణం నడుపుతున్నారు. మొదట డాబా గార్డెన్స్‌లో ఉండేవాళ్లం. అద్దె భరించలేక రెండేళ్ల క్రితం అక్కయ్యపాలెం 80 అడుగుల రోడ్డు వైపు మారాం. నిరుడు వెబ్‌సైటు కూడా చేయించాం. అయినా వైజాగ్‌లో కుట్టు మిషన్ రిపేరు అని గూగుల్‌లో వెతికితే మా పేరు ఎక్కడా కనిపించడం లేదు. ఒకాయన వచ్చి, ఎనిమిది వేల రూపాయలు ఇస్తే మా సైటును 500 ఆన్‌లైన్ డైరెక్టరీలలో, అంటే సైట్ల పేర్ల జాబితాలలో, చేరుస్తానని, నెల తిరిగేసరికి మొదటి పేజీలోకి తెస్తానని అంటున్నారు. నాన్నగారు ఇచ్చేద్దామంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. పోయిన నెల గోపాలపట్నం నుంచి ఒకావిడ మిషన్ హెడ్డును పాత చీరలో చుట్టుకుని, నెట్‌లో అడ్రసు చూసుకుని, ఆటోలో డాబా గార్డెన్స్ వెళ్లారట. అక్కడ మా దుకాణం లేదు. ఎదురుగా ఉన్న పాన్‌షాపు ఆయన చెబితే మళ్లీ ఆటో ఎక్కి మా దగ్గరికి వచ్చారు. నాన్నగారు చాలా బాధపడ్డారు. మమ్మల్ని ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం)

సమాధానం: అమ్మా, ముందుగా సూటిగా చెబుతాను. ఆ ఎనిమిది వేలు ఇవ్వకండి. ఇచ్చేద్దామన్న మీ నాన్నగారి మాటలో తప్పుపట్టవలసింది లేదు. దుకాణం పేరు నలుగురి చెవినా పడితేనే బేరం వస్తుందని ముప్పై ఏళ్ల అనుభవం ఆయనకు నేర్పింది, అది ఈనాటికీ నిజమే. అయితే వచ్చినాయన చేరుస్తానంటున్న ఆ 500 చోట్లకు కుట్టు మిషన్ పాడైన మనిషి ఎవరూ వెళ్లరు. నన్ను అడిగితే మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి గూగుల్‌లో కనిపించకపోవడం కాదు, గోపాలపట్నం ఆవిడ రెండు ఆటోలు ఎక్కవలసి రావడం. మీ దుకాణం నెట్‌లో లేకపోలేదు, పాత చిరునామాతో ఉంది. ముందు దిద్దుకోవలసింది దాన్ని.

డైరెక్టరీలలో చేరిస్తే సైటు పైకి వస్తుందన్న మాట ఎక్కడి నుంచి పుట్టిందో తెలిస్తే, అది ఇప్పుడు ఎందుకు చెల్లదో మీ నాన్నగారికి చెప్పడం తేలికవుతుంది. 1994లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న జెర్రీ యాంగ్, డేవిడ్ ఫిలో అనే ఇద్దరు తమకు పనికొచ్చే వెబ్‌సైట్లను విభాగాలవారీగా పేర్చుకున్న జాబితాయే తరువాత యాహూ అయింది. 1998లో మొదలైన ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్టును, అంటే డీమాజ్ అని అందరూ పిలిచిన జాబితాను, స్వచ్ఛందంగా పనిచేసే సంపాదకులు నడిపేవారు. మీరు సైటు పంపితే ఒక మనిషి దాన్ని తెరిచి, చదివి, ఏ విభాగంలో పెట్టాలో నిర్ణయించేవాడు. పనికిరానిదని తోస్తే పక్కన పెట్టేవాడు. అటువంటి చోట పేరు ఉండడమంటే ఒక పరీక్ష నెగ్గినట్టే లెక్క. అదే 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను స్థాపించారు. ఒక పేజీకి ఇతర పేజీల నుంచి వచ్చే లింకులను సిఫారసులుగా లెక్కగట్టి, సిఫారసు చేసిన పేజీకి ఉన్న పరపతిని బట్టి దానికి బరువు ఇవ్వడం వారి పద్ధతి. మనిషి చదివి చేర్చిన డైరెక్టరీ లింకుకు ఆ లెక్కలో సహజంగానే విలువ దక్కింది. గూగుల్ కూడా కొన్నేళ్లపాటు డీమాజ్ జాబితాను తీసుకుని తన పేరుతో ఒక డైరెక్టరీ నడిపింది.

చిక్కంతా ఆ విలువ తెలిసిపోవడంతోనే వచ్చింది. లింకు ఉంటే సైటు పైకి పోతుందని తెలిశాక, లింకులు ఇవ్వడం కోసమే డైరెక్టరీలు వందల సంఖ్యలో పుట్టాయి. వాటిలో సంపాదకుడు ఉండడు, చదివేవాడు ఉండడు; ఫారం నింపితే చాలు, ఏ సైటునైనా చేర్చుకుంటాయి. నేను మొదట చెప్పిన రకానికీ వీటికీ పేరొక్కటే పోలిక. గూగుల్ ఈ సంగతి గమనించి, 2012 ఏప్రిల్ 24న పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. కృత్రిమంగా పోగుచేసిన లింకుల మీద ఆధారపడిన సైట్లు దానితో ఒక్కసారిగా కిందికి జారిపోయాయి. 2016 సెప్టెంబరులో అదే పెంగ్విన్ గూగుల్ ప్రధాన లెక్కలో భాగమైంది, అప్పటి నుంచి ఇటువంటి లింకులను ఎక్కువగా అసలు లెక్కలోకి తీసుకోకుండా వదిలేయడం మొదలైంది. నాసిరకం డైరెక్టరీల లింకులు స్పామ్ కిందికి వస్తాయని గూగుల్ నియమావళిలోనే ఉదాహరణగా రాసి ఉంది. పాత డైరెక్టరీలు కూడా మిగలలేదు: యాహూ డైరెక్టరీ 2014 చివరలో మూతపడింది, డీమాజ్ 2017 మార్చిలో మూతపడింది. ఆ వచ్చినాయన మీకు అమ్మజూపుతున్నది పదిహేనేళ్ల కిందటి సరుకు.

ఇది నేను పుస్తకాలలో చదివి చెబుతున్న మాట కాదు. 2011లో ద్వారకా నగర్‌లో ట్రావెల్స్ ఆఫీసు నడిపే మా బంధువుకు ఇటువంటి పనే చేయించమని నేనే సలహా ఇచ్చాను. పని చేసినాయన చివర మూడు వందల వరుసలున్న ఒక ఎక్సెల్ షీటు పంపాడు. ప్రతి వరుసలో ఒక డైరెక్టరీ పేరు, తేదీ, చేరింది అన్న మాట. అప్పట్లో ఆ షీటు చూసి మేమిద్దరం సంతోషించాం. కొన్ని నెలలు సైటు నిజంగానే పైన కనిపించింది. మరుసటి వేసవిలో, సరిగ్గా అరకు ప్రయాణాలకు గిరాకీ ఉన్న రోజులలో, ఫోన్లు తగ్గిపోయాయి. వెతికి చూస్తే సైటు నాలుగో పేజీలోకి పోయింది. ఆ షీటు ముందు పెట్టుకుని, ఒక్కొక్క డైరెక్టరీకి లింకు తీసేయమని ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాం. చాలావాటి నుంచి జవాబు లేదు. కొన్ని తీయడానికి డబ్బు అడిగాయి. అక్కర్లేని లింకులను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పుకునే సదుపాయాన్ని గూగుల్ ఆ ఏడాది అక్టోబరులో ఇచ్చేదాకా మాకు దారి దొరకలేదు. ఆ సీజను పోయింది, అందులో నా బాధ్యత ఉంది. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. ఈ రోజులలో అయితే మీ సైటు శిక్షకు గురవుతుందని నేను భయపెట్టను. ఎక్కువ పాళ్లు ఆ లింకులు ఎందుకూ కొరగాకుండా పోతాయి, మీ ఎనిమిది వేలు వాటితోపాటే పోతాయి.

డైరెక్టరీలన్నీ వ్యర్థమని దీని అర్థం కాదు. వాటి ఉపయోగం మారింది, అంతే. మన ఇళ్లలో పెళ్లి సంబంధం వాకబు చేసేవారు ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. వీధి చివరి కొట్టులో ఒకసారి, పక్కింట్లో ఒకసారి, అబ్బాయి పనిచేసే చోట ఒకసారి విడివిడిగా అడుగుతారు; ముగ్గురూ ఒకే మాట చెబితే నమ్ముతారు, ఒకరు ఒక ఊరు, ఇంకొకరు మరో ఊరు చెబితే వెనక్కి తగ్గుతారు. సెర్చ్ ఇంజిన్లు దుకాణాల విషయంలో చేసేదీ ఇంచుమించు ఇటువంటి వాకబే. మీ గురించి ఒకచోట డాబా గార్డెన్స్ అని, మరోచోట అక్కయ్యపాలెం అని, ఇంకోచోట ఎప్పుడో సరెండర్ చేసిన 0891 ల్యాండ్‌లైను నంబరుతో ఉంటే, ఏది నిజమో తేల్చుకోలేని యంత్రం మిమ్మల్ని ధైర్యంగా ముందుకు తెచ్చి చూపించదు. యంత్రం మాట అలా ఉంచినా, మిషన్ మోసుకువచ్చే మనిషికి అది ఎంత కష్టమో మీరు కళ్లారా చూశారు.

కాబట్టి మొదటి పనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. ఒక నోటుబుక్కు తీసుకుని, మొదటి పేజీలో మీ దుకాణం పేరు, చిరునామా, ఫోను నంబరు ఏ రూపంలో ఉండాలో ఒక్కసారి స్థిరంగా రాసుకోండి. పేరు మీ బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి. అక్కయ్యపాలెం అన్న పేరును ఇంగ్లిషులో ఒక వై అక్షరంతో రాసేవారూ ఉన్నారు, రెండు వైలతో రాసేవారూ ఉన్నారు. రెండిటిలో ఒకటి ఎంచుకోండి. ఊరి పేరు చిరునామాలో విశాఖపట్నం అనే రాయండి, వైజాగ్ అన్న మాటను వెబ్‌సైటులోని మామూలు వాక్యాలలో వాడుకోవచ్చు. పిన్‌కోడు 530016 అని మరిచిపోకుండా వేయండి. ఇక్కడ ఒక మాట: రోడ్డు అన్న మాటను ఒకచోట పూర్తిగా, ఒకచోట పొట్టిగా రాసినంత మాత్రాన నష్టం లేదు, ఆ మాత్రం తేడాను యంత్రాలు అర్థం చేసుకుంటాయి. డోరు నంబరు, వీధి, ఫోను, ఈ మూడూ మాత్రం ఎక్కడా తేడా రాకూడదు.

రెండో పేజీలో మీ పాత ఆనవాళ్ల జాబితా మొదలుపెట్టండి. గూగుల్‌లో మీ దుకాణం పేరు పక్కన డాబా గార్డెన్స్ అని చేర్చి వెతకండి. తరువాత పాత ల్యాండ్‌లైను నంబరును ఒక్కదాన్నే కొటేషను గుర్తుల మధ్య పెట్టి వెతకండి. మీరు ఎన్నడూ నమోదు చేసుకోని సైట్లలో కూడా మీ దుకాణం కనిపిస్తుంది, ఎందుకంటే ఒక డైరెక్టరీలోని వివరాలను మరొకటి తీసుకుని పెట్టుకోవడం వాటికి అలవాటు. గోపాలపట్నం ఆవిడ ఎక్కడ చూసి బయలుదేరారో అడిగి తెలుసుకోగలిగితే మరీ మంచిది. ఆ నమోదుతోనే దిద్దుబాటు మొదలుపెట్టండి. దొరికిన ప్రతిదాన్నీ నోటుబుక్కులో రాసుకుని, సరిదిద్దినప్పుడు పక్కన తేదీ వేసుకోండి. పదో పన్నెండో దొరుకుతాయని నా అంచనా. ఈ పని విసుగు పుట్టిస్తుంది, కానీ మీరు అడిగిన మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా ఫలితమిచ్చే పని లేదు.

ఆ నమోదులలో అన్నిటికన్నా ముఖ్యమైనది గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్‌లోనూ దాని మ్యాపులోనూ మీ దుకాణం వివరాలు చూపే నమోదు. 2021 వరకు దాన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు. దీనికి రుసుము లేదు. ఊరి పేరుతోనో, దగ్గరలో అన్న మాటతోనో ఎవరైనా దుకాణం వెతికినప్పుడు పైన ఒక చిన్న మ్యాపు, దాని కింద సాధారణంగా మూడు పేర్లు కనిపిస్తాయి కదా. మీకు బేరం తెచ్చేది ఆ చోటే, అక్కడికి చేర్చేది ఈ ప్రొఫైలే. అక్కడి వరుసను ప్రధానంగా మూడు విషయాలు నిర్ణయిస్తాయని గూగుల్ స్వయంగా చెబుతుంది: వెతికిన మాటకు మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి మీరు ఎంత దూరంలో ఉన్నారు, జనంలో మీకు ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. గాజువాకలో నిలబడి వెతికే మనిషికి గాజువాక దుకాణమే ముందు కనిపించడం న్యాయం కూడా, దాని కోసం మీరు బాధపడనక్కర్లేదు. మిగిలిన రెండూ మీ చేతిలో ఉన్నాయి.

డాబా గార్డెన్స్ రోజులలో ఎవరైనా ప్రొఫైల్ చేసి పెట్టి ఉంటే, దాన్ని వదిలేసి కొత్తది తెరవకండి. పాతదానిలోనే చిరునామా మార్చండి. అలా చేస్తే ఇన్నేళ్లుగా వచ్చిన రివ్యూలు మీతోపాటు అక్కయ్యపాలెం వస్తాయి. కొత్తది తెరిస్తే అవి డాబా గార్డెన్స్‌లోనే ఉండిపోతాయి, ఒకే దుకాణానికి రెండు ప్రొఫైళ్లు ఒకదానికొకటి అడ్డుపడతాయి. పాతది ఎవరి ఈమెయిలుతో తెరిచారో తెలియకపోతే, యాజమాన్యం అప్పగించమని ఆ ప్రొఫైల్ నుంచే అభ్యర్థన పంపే వీలుంది. తరువాత మీ దుకాణం నిజమైనదేనని నిరూపించుకోవాలి. ఇప్పుడు చాలామందిని వీడియో అడుగుతున్నారు. మధ్యలో ఆపకుండా ఒకే వీడియోగా, ముందు 80 అడుగుల రోడ్డు, పక్క దుకాణాల బోర్డులు, తరువాత మీ బోర్డు, ఆపైన మీ నాన్నగారు తాళం తీసి షట్టరు ఎత్తడం, లోపల వరుసగా ఉన్న మిషన్లు, బల్ల మీద విప్పి పెట్టిన షటిల్, బాబిన్ కేసులు, స్క్రూడ్రైవర్లు చూపండి. తాళం తీయడం ఎందుకంటే, ఆ దుకాణం మీ చేతిలో ఉందనడానికి అదే అన్నిటికన్నా తేలికైన రుజువు.

ప్రొఫైల్‌లో పేరు దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. దుకాణం పేరు తరువాత వైజాగ్‌లో ఉత్తమ కుట్టు మిషన్ రిపేరు, తక్కువ ధర అని తగిలిస్తారు. బోర్డు మీద లేని మాటలు పేరులో ఉండకూడదని నియమం. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైల్ నిలిచిపోవచ్చు. మీరు చేసే పనిని చెప్పుకోవడానికి కేటగిరీ అని వేరే చోటు ఉంది. మీకు అమ్మకాలకన్నా రిపేర్ల గిరాకీ ఎక్కువైతే రిపేరును ప్రధాన కేటగిరీగా, అమ్మకాన్ని అదనపుదిగా పెట్టుకోండి. సేవల జాబితాలో ఓవర్‌లాక్, జిగ్‌జాగ్, పికో మిషన్ల రిపేరు, ఇంటి మిషన్లకు మోటారు బిగించడం వంటివి విడివిడిగా రాయండి. పనివేళలు నిజాయితీగా ఉండాలి: మధ్యాహ్నం భోజనానికి షట్టరు దించే అలవాటు ఉంటే ఆ రెండు గంటలూ చూపండి, సంక్రాంతికి మూసే రోజులు ముందుగానే మార్చి పెట్టండి. బరువైన హెడ్డు మోసుకుని వచ్చిన మనిషికి తాళం కనిపించకూడదు.

రివ్యూల గురించి మీరు అడగలేదు గాని, జనంలో పేరు అన్న మూడో విషయం చాలావరకు వాటి మీదే ఆధారపడుతుంది కాబట్టి చెబుతున్నాను. మిషన్ బాగయి తీసుకువెళ్లేటప్పుడు, తోచినది రాయమని అడగడంలో తప్పు లేదు. రివ్యూ రాస్తే నూనె సీసా ఉచితమనో, బిల్లులో తగ్గిస్తామనో అనడం మాత్రం నియమాలకు విరుద్ధం. బంధువుల చేత ఒకే రోజు ఇరవై రాయించడమూ వద్దు. ఎవరైనా బాగాలేదని రాస్తే మీ నాన్నగారి తరఫున మర్యాదగా జవాబు రాయండి; మిషన్ మళ్లీ తెస్తే చూస్తామన్న ఒక్క వాక్యం చదివేవారికి ధైర్యమిస్తుంది.

ఇప్పుడు డైరెక్టరీల వంతు. జస్ట్‌డయల్ 1996 నుంచి ఉంది, మన దేశంలో సామాన్యులు నిజంగా వాడే జాబితా అది. దానిలో ఉచిత నమోదు చాలు. సులేఖలోనూ అంతే. అచ్యుతాపురం వైపు దుస్తుల యూనిట్లకు పరిశ్రమల మిషన్లు సరఫరా చేసే ఆలోచన మీకు ఉంటే ఇండియామార్ట్ పనికొస్తుంది, ఇంటి మిషన్ల రిపేరుకే పరిమితమైతే దాని అవసరం తక్కువ. మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో దుకాణాల నమోదుకు ఉన్న బింగ్ ప్లేసెస్‌లోకి గూగుల్ ప్రొఫైల్ వివరాలను నేరుగా తెచ్చుకునే వీలుంది, పది నిమిషాల పని. ఐఫోన్ వాడేవారి కోసం ఆపిల్ మ్యాప్స్‌లోనూ వివరాలు సరిచూసుకోండి. నమోదు చేసిన వెంటనే డబ్బు కట్టే పథకాలలో చేరమని ఫోన్లు వస్తాయి, వచ్చినప్పుడు తొందరపడకండి. ఆ పథకాలు ప్రకటనలు. పత్రికలో ప్రకటన ఇవ్వాలా వద్దా అని ఎలా ఆలోచిస్తారో వీటినీ అలాగే విడిగా ఆలోచించాలి. వాటిని గూగుల్ వరుసతో కలిపి ఎవరైనా మాట్లాడితే నమ్మకండి.

వీటికి బయట ఎవరైనా ఒక డైరెక్టరీ పేరు చెబితే, ముందు దాన్ని మీరే వినియోగదారురాలిగా తెరిచి, వైజాగ్‌లో కుట్టు మిషన్ల దుకాణం వెతికి చూడండి. సరైన దుకాణాలు, పనిచేసే నంబర్లు దొరికితే అది మనుషులు వాడే జాబితా. కుట్టు మిషన్ల పక్కనే ఆన్‌లైన్ జూదం సైట్లు, విదేశీ మందుల అమ్మకాలు కనిపిస్తే అక్కడ మీ పేరు ఉండనక్కర్లేదు. చేరడానికి బదులుగా మీ సైటు నుంచి తమకు లింకు పెట్టమని అడిగేవాటికీ దూరంగా ఉండండి. ఎక్కడ నమోదు చేసినా మీ సొంత ఈమెయిలు కాకుండా దుకాణం కోసం విడిగా ఒకటి తెరిచి వాడితే, తరువాత వచ్చే ప్రచారపు ఉత్తరాల వాన మీ మీద పడదు. ఓటీపీలు మాత్రం ఎవరికీ చెప్పకండి, సాయం చేస్తానని ఎదురుగా కూర్చున్నవారికైనా సరే.

నేను బాగా విలువ ఇచ్చే జాబితా ఇంకొకటి ఉంది, ఏ ఏజెంటూ దాని మాట ఎత్తడు. మీ నాన్నగారు ఏ కంపెనీ మిషన్లకు డీలరో, ఆ కంపెనీ వెబ్‌సైటులో ఊరివారీ డీలర్ల పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే అందులో పాత చిరునామాయే ఉండి ఉంటుంది. వారి ప్రాంతీయ కార్యాలయానికి ఒక ఉత్తరం రాసి చిరునామా మార్పించి, మీ వెబ్‌సైటు లింకు కూడా పెట్టమని అడగండి. మీ సరుకును తయారుచేసే కంపెనీ మీ దుకాణం పేరు చెప్పడం, అడిగినవారినల్లా చేర్చుకునే 500 చోట్లతో పోల్చదగినది కాదు. అలాగే మీ దగ్గర మిషన్లు కొనే టైలరింగ్ శిక్షణ కేంద్రాలకు, మీ నాన్నగారు సభ్యులుగా ఉన్న వర్తక సంఘానికి వెబ్‌సైటు ఉంటే, అక్కడ పేరు ఉండడం సహజమూ, ఉపయోగకరమూ అవుతుంది.

వెబ్‌సైటు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది చూడకుండా నేను ఊహించి చెప్పగలిగింది కొంతే. గూగుల్‌లో సైట్ అన్న మాట ఇంగ్లిషులో రాసి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైటు పేరు టైపు చేయండి. మీ పేజీలు ఏవీ రాకపోతే సైటు గూగుల్ జాబితాలోకే ఎక్కలేదేమో అని అనుమానించాలి. వర్డ్‌ప్రెస్‌తో చేసిన సైట్లలో సెర్చ్ ఇంజిన్లను రావద్దని చెప్పే ఒక గడి ఉంటుంది. సైటు తయారవుతున్నప్పుడు దానిలో టిక్కు పెట్టి, పూర్తయ్యాక తీయడం మరిచిపోయిన సందర్భాలు నేను ఒకటికి రెండు చూశాను. చేయించిన వారిని అడిగి అది సరిచూసుకోండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటును నమోదు చేస్తే, ఏ పేజీ ఎక్కింది, ఏది ఎక్కలేదు, ఎందుకు ఎక్కలేదు అన్నది ఉచితంగా తెలుస్తుంది. చిరునామా, ఫోను నంబరు బొమ్మలో కాకుండా అక్షరాలుగా ఉండాలి. పేజీ శీర్షికలో స్వాగతం అన్న మాటకు బదులు మీరు చేసే పని, ఊరి పేరు ఉండాలి. చదివేవారు వైజాగ్ వారే కాబట్టి తెలుగులోనూ ఒక పేజీ పెట్టండి: దారం తెగుతూ ఉంటే కారణాలేమిటి, కుట్టు దాటిపోతే ముందు ఏం చూసుకోవాలి, రిపేరుకు తెచ్చేటప్పుడు స్టాండు కూడా తేవాలా, హెడ్డు ఒక్కటి చాలా. మీ నాన్నగారు రోజూ పదిమందికి నోటితో చెప్పే మాటలే ఇవి. ఆయన చెబుతుంటే మీరు రాసుకోండి.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుందని మీ నాన్నగారు అడుగుతారు. చిరునామాలు సరిదిద్దిన తరువాత మార్పు తెలియడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు పడుతుంది. ఎవరూ మొదటి స్థానానికి హామీ ఇవ్వలేరని గూగులే చెబుతుంది. నెల రోజుల హామీ ఇచ్చిన ఆయనతో బేరం అక్కడితో ముగించవచ్చు. ఇవన్నీ మీరు ఒక్కరే చేసుకోలేక మనిషిని పెట్టుకున్నా తప్పు లేదు, అయితే మీ నోటుబుక్కు అతని ముందు పెట్టి, ఈ పన్నెండు నమోదులు సరిచేస్తే ఇంత ఇస్తానని పనిని చూపించి బేరమాడండి. బిజినెస్ ప్రొఫైల్‌లో అసలు యజమానిగా మీ నాన్నగారి ఖాతాయో మీ ఖాతాయో ఉండాలి, పనిచేసే మనిషికి మేనేజరు హోదా మాత్రమే ఇవ్వండి. సైటు డొమైన్, అంటే నెట్‌లో దాని చిరునామా, ఎవరి పేరున నమోదైంది, ఏ తేదీన రెన్యువల్ వస్తుంది అన్నదీ ఇప్పుడే తెలుసుకుని అదే నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.

వెళ్లే పని పడినప్పుడు డాబా గార్డెన్స్ పాన్‌షాపు ఆయన దగ్గర కొత్త చిరునామా, నంబరు ఉన్న విజిటింగ్ కార్డులు ఓ యాభై ఇచ్చి రండి. పాత ఖాతాదారులు ఇంకా కొన్నాళ్లు అక్కడికే వస్తారు.